విన్నవించుకొనునది ఏమనగా

రాయపూర్ తెలుగువాడికి నాలుగు భాషలు. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బజార్లో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ. నాలుగోది దరఖాస్తు ఇంగ్లీషు. దీన్ని ఇంగ్లండులో కూడా ఎవరూ మాట్లాడరు.

1931లో పూర్తయిన విజయనగరం-రాయపూర్ రైలు మార్గం పట్టుకుని మనవాళ్లు చాలామంది ఇటొచ్చారు. కాగితాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. తాతగారి భూమి నకలు కావాలన్నా, కుల ధ్రువపత్రం కావాలన్నా రెండు రాష్ట్రాల్లోనూ చెల్లే ఉత్తరం రాయాలి. ఇక్కడి బాబుగారికి తెలుగు రాదు, అక్కడి గుమాస్తాకు హిందీ రాదు. హిందీని అధికార భాషగా తీసుకున్న రాష్ట్రం, తీసుకోని రాష్ట్రానికి హిందీలో రాస్తే ఇంగ్లీషు అనువాదం జతచేయాలని 1963 నాటి అధికార భాషల చట్టమే చెబుతోంది. అలా ఇద్దరికీ సమానంగా అర్థం కాని చోట రాజీ కుదిరింది.

"మా నాన్న పేరు తప్పు పడింది, దిద్దండి." నోటితో అయితే ఇంతే. ఆఫీసు గేటు పక్కన టైపు కొట్టేవాడి చేతిలో పడితే అది "విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్ ఐ బెగ్ టు స్టేట్ దట్" అంటూ వంగి, "కైండ్లీ డు ద నీడ్‌ఫుల్ అండ్ ఆబ్లైజ్" అంటూ సాగిలపడుతుంది. ఆ దండాల హడావుడిలో నాన్న పేరు మళ్లీ తప్పే పడుతుంది.

జవాబు కూడా తక్కువ తినలేదు: "ద మేటర్ ఈజ్ అండర్ యాక్టివ్ కన్సిడరేషన్." పరిశీలించేది ఎవరో, ఎప్పటిదాకానో అందులో ఉండదు. కర్త లేకుండా వాక్యం కట్టడం ఆఫీసు వ్యాకరణంలో మొదటి పాఠం. "నేనే చూస్తున్నాను, సోమవారం చెబుతాను" అని రాస్తే సోమవారం పొద్దున్నే మీరొచ్చి కూర్చోరూ!

పెద్ద కుర్చీలకూ ఈ జబ్బు ఉంది. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తీర్పు ఒకటి అర్థం కాలేదంటూ సుప్రీంకోర్టు 2017లో రద్దుచేసి వెనక్కి పంపింది. 2021లో అదే హైకోర్టు నుంచి మరో తీర్పు వస్తే, అది చదివి టైగర్ బామ్ రాసుకోవాల్సి వచ్చిందని ధర్మాసనంలోంచి మాట వినపడింది. అమెరికా అయితే సర్కారీ రాతలు సులువుగా ఉండాలని 2010లో ఏకంగా చట్టమే చేసింది.

మీరూ సూటిగా నాలుగు ముక్కలు రాసి చూడండి. "ఇంతేనా? ఇంగ్లీషు రాదా?" అని గుమాస్తా జాలిపడతాడు. తర్వాత అసలు చిక్కు మొదలవుతుంది: ఉత్తరం అర్థమైపోతుంది. అర్థమైతే పని చేయాలి. చేతిలోంచి సాకు లాగేసుకున్న దరఖాస్తుదారుణ్ని ఏ ఆఫీసూ అంత తేలిగ్గా క్షమించదు.