పంక పద్యానికి టీకా తాత్పర్యం

ఆటవెలది

పంక తిరుగదేమి పాతబండికి నేడు
ఫ్యూజు నరసి తీగ పొందు నరసి
నీటిమట్ట మరసి నేలతీగను జూచి
మోటరపుడు తట్టు ముదముతోడ

అవతారిక: అంబాసిడర్ కాలంలో రేడియేటరు ఫ్యానుకి బెల్టే దిక్కు. ఇంజను తిరిగితే అదీ తిరిగేది, దానికి సొంత బుద్ధంటూ లేదు. 1983 చివర వచ్చిన మారుతి 800లో ఫ్యానుకి వేరే మోటరు పెట్టారు, నీటి వేడిని బట్టి దాన్ని లేపే స్విచ్చీ పెట్టారు. బుద్ధితో పాటే అలకా వచ్చింది. మే నెల మధ్యాహ్నం, బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర బళ్లు కదలని వేళ, టెంపరేచరు ముల్లు ఎర్రగీత వైపు పాకుతుండగా ఓనరు అడిగినది మొదటి పాదం. మెకానిక్కు చెప్పినది తక్కిన మూడు.

ప్రతిపదార్థం: పాతబండికిన్ = ఓనరు మాత్రం ‘కండిషన్లో ఉంది’ అని చెప్పుకునే కారుకు; నేడు = ఈనాడే, అనగా షెడ్లు మూసి ఉండే ఆదివారం నాడు; పంక = రేడియేటరు ఫ్యాను; తిరుగదు + ఏమి = తిరగదేమి?; ఫ్యూజున్ + అరసి = ఫ్యూజు పరీక్షించి; తీగ పొందున్ + అరసి = వైరు కప్లరు ఊడదీసి చూసి; నీటిమట్టమున్ + అరసి = కూలెంటు ఎంతుందో చూసి; నేలతీగనున్ + చూచి = ఎర్త్ వైరు చూసి; అపుడు = ఇవన్నీ అయ్యాకనే; ముదముతోడన్ = సంతోషంగా; మోటరు తట్టు = మోటరును కొట్టి చూడు.

తాత్పర్యం: ఫ్యాను తిరగలేదనగానే మోటరు కొనడానికి పరుగెత్తవద్దని భావం.

విశేషాలు: పంక శబ్దానికి బురద అని అర్థం చెప్పేవారు ఉన్నారు. ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోసిన రేడియేటరు లోపల చూస్తే వారిని తప్పుపట్టలేం.

ఫ్యూజు కంటికి బాగానే కనబడుతుంది, లోపల వెంట్రుకంత చీలిక ఉంటుంది. కనుక అరయుట అంటే చూచుట కాదు, టెస్ట్ ల్యాంపు పెట్టుట. కొత్తది వేయగానే మళ్లీ కాలితే దోషం మోటరులోనో వైరులోనో ఉంది. అప్పుడు రాగితీగ చుట్టడం మహాపాపం, ఫ్యూజు బదులు వైరింగంతా కాలుతుంది.

రిలే మాట కవి ఎత్తలేదేమి? ‘రిలే’లో ముందు లఘువు, వెనుక గురువు, ఏ సూర్యగణంలోనూ అది విడిగా ఇమడదు. ఛందస్సు కోసం వదిలేశాడే గాని దాని మీద ద్వేషం లేదు. పక్కనే అదే నంబరు గల హారను రిలే ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడవచ్చు. థర్మోస్విచ్చిని కూడా అధ్యాహారం చేసుకోవాలి. దాని కప్లరులో రెండు తీగలుంటే ఒకదానికొకటి కలపాలి, ఒకటే ఉంటే బాడీకి తాకించాలి. ఫ్యాను లేచిందా, ఫ్యూజు, రిలే, మోటరు నిర్దోషులు, స్విచ్చే దొంగ. లేవకపోతే బ్యాటరీ నుంచి మోటరుకి ‘డైరెక్ట్ ఇచ్చి’ చూడాలి.

నీటిమట్టాన్ని కవి మూడో చోట పెట్టడం నాకు నచ్చలేదు. యతి కోసం పెట్టి ఉంటాడు గాని, అది మొదటనే ఉండవలసింది. స్విచ్చి నీటిలో మునిగి ఉంటేనే దానికి వేడి తెలుస్తుంది. నీరు తగ్గి దాని చుట్టూ గాలీ ఆవిరీ చేరితే ఇంజను ఉడికిపోతున్నా అది చల్లగా కూర్చుంటుంది. ఫ్యాను తిరగక నీరు పోయిందనుకుంటాం, కొన్నిసార్లు నీరు పోయే ఫ్యాను తిరగదు. అయితే వేడి మీద మూత తీయరాదు. చాలా మూతల మీద 0.9 అని ఉంటుంది. ఆ ఒత్తిడిలో నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా అణిగి ఉంటుంది. మూత తిప్పారా, ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగుస్తుంది. అరగంట ఆగడమే శాస్త్రం. ఆగే చోటు లేక కదలవలసి వస్తే హీటరు ఫుల్లుగా పెట్టి అద్దాలు దించాలి. ఇంజను వేడి కొంత మనం పంచుకున్నట్టు. మే నెలలో ఇది తపస్సే.

నేలతీగ అని కవి ఊరికే అనలేదు. పాత బళ్లలో సగం తగవు ఇక్కడే. బ్యాటరీ కింది రేకు దగ్గర ఎర్త్ బోల్టు విప్పి చూడండి: తుప్పు, దాని మీద తెల్లటి, పచ్చటి పొడి, ఆ పైన ఎవరో కొట్టిన పెయింటు. మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. చిన్న బల్బు కూడా వెలుగుతుంది. మోటరు మాత్రం కదలదు, ఎందుకంటే దానికి కావలసినంత కరెంటు ఆ తుప్పు గుండా పోదు. ఎమెరీ పేపరుతో రేకు మెరిసేదాకా గీకి, బోల్టు బిగిస్తే చాలు. ఖర్చు లేదు గనుక ఈ పని ఎవరూ ముందు చెప్పరు.

తట్టుట మోటరు వెనుక డొక్క మీదే, చెక్కతోనో స్క్రూడ్రైవరు పిడితోనో. రెక్కల జోలికి వేళ్లు పోరాదు. కొన్ని బళ్లలో తాళం తీసేసినా ఫ్యాను లేస్తుంది. కవి పండితుడై ఉండీ ఉత్తరీయం తీసి పక్కన పెట్టమనడం మరిచాడు.

పాఠభేదం: స్పేరుపార్టుల కొట్లలో దొరికే ప్రతిలో ‘తట్టు’కు బదులు ‘మార్చు’ అని ఉంది. రెండూ గలములే కనుక ఛందస్సు తీర్పు చెప్పదు. తట్టగానే తిరిగితే బ్రష్షులు అరిగాయని అర్థం. ఆ ముదం ఇంటికి చేరేవరకే, రేపు మళ్లీ ఆగుతుంది. విప్పడానికి వీలున్న మోటరైతే బ్రష్షులు వేయించుకోవచ్చు. డొక్క మూసి నొక్కేసిన మోటరైతే కొట్టువారి పాఠమే గ్రాహ్యం.