చంపి బతికించే విద్య

శుక్రాచార్యుడికి మృతసంజీవని తెలుసు. ఆయన శిష్యులైన రాక్షసులకు చంపడం తెలుసు. విద్య నేర్చుకోవడానికి వచ్చిన కచుణ్ణి వీళ్లు చంపడం, ఆయన లేపడం. చంపేవాళ్లూ బతికించేవాడూ ఒకే కొంపవాళ్లు కాబట్టి విద్యకు పని తగ్గలేదు. ఆ ఏర్పాటు పురాణాలతోనే పోయిందనుకోకండి. సహారా అంచున తిరిగే కత్తికొమ్ముల ఓరిక్స్ అనే ఎడారి జింక విషయంలో మనిషి దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేశాడు. కాకపోతే ఈసారి గురువుగారు ఫీజు పుచ్చుకున్నారు.

ముందు ఆ జంతువు చేసిన నేరమేమిటో చూద్దాం. తెల్లటి ఒళ్లు, ఇటుకరంగు మెడ, క్వింటాలుకు పైబడ్డ బరువు. మగదానికీ ఆడదానికీ వెనక్కి వంగిన మీటరు పొడవు కొమ్ములు. నెలల తరబడి నీళ్లు తాగదు. గడ్డిలోని తేమ, చేదుపుచ్చకాయలోని నీరు దానికి చాలు. ఎండ మండిపోతుంటే మనలా చెమట కార్చి నీళ్లు దుబారా చెయ్యదు. ఒంటివేడినే 46 డిగ్రీల సెల్సియస్ దాకా ఎక్కనిచ్చి, రాత్రి చల్లబడ్డాక తీరిగ్గా వదిలేస్తుంది. (మన ఇంట్లో జ్వరం చూసుకునే థర్మామీటరు 42 దగ్గరే చేతులెత్తేస్తుంది.) వాన ఎటు పడితే అటు, వందల మందలుగా, అట్లాంటిక్ తీరం నుంచి నైలు దాకా దాని రాజ్యం. ఎడారిని జయించే ఒంటిని తరతరాలుగా కష్టపడి తయారుచేసుకున్న ఈ తెలివితక్కువ జీవి ఒక్క జాగ్రత్త మాత్రం మరిచింది. జీపు వస్తుందని ఊహించలేదు.

అంతకుముందు మనుషులు దాన్ని ముద్దు చేశారని కాదు. ప్రాచీన ఈజిప్టువాళ్లు కట్టేసి మేపి మరీ బలిచ్చారు. ఎడారి యోధులు దాని తోలుతో డాళ్లు చేసుకున్నారు. అయితే అది కాలినడక కాలపు హింస, ఒంటె వేగపు హింస. మందలు తట్టుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దం ఆ హింసకు నాలుగు చక్రాలూ, ఆగకుండా పేలే తుపాకీ జత చేసింది. అది చాలదన్నట్టు లోతు బావులు తవ్వి, ఓరిక్స్ గడ్డిలోకి పశువుల్ని తోలి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టారు. చాద్ దేశం 1969లో వాడీ రిమే–వాడీ అషీమ్ అభయారణ్యాన్ని ప్రకటించింది. దాదాపు 78 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడింట రెండొంతులకు పైనే. కాగితం మీద అభయానికి కొదవ లేదు. తర్వాత అంతర్యుద్ధం వచ్చింది. దేనిమీదా ఏకీభవించని పక్షాలు భోజనం దగ్గర మాత్రం ఏకీభవించాయి. 1980ల చివరికి ఓరిక్స్ కనిపించడం మానేసింది. 2000లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దాన్ని ‘ప్రకృతిలో అంతరించినవి’ అనే పద్దులో రాసుకుంది.

ప్రకృతిలో లేదు సరే, మరెక్కడుంది? టెక్సాస్‌లో ఉంది. జూల కోసం పట్టుకెళ్లినవాటి సంతానం అక్కడి రాంచ్‌ల కంచెల మధ్య పిల్లాపాపలతో వర్ధిల్లింది. యజమానుల సంఘం లెక్క ప్రకారం 2010 నాటికి 11 వేల పైచిలుకు. పుట్టినగడ్డ మీద సున్నా, అత్తారింట్లో పదకొండు వేలు! షరతు ఒక్కటే. ఏటా కొన్నింటిని వేటగాళ్లకు సమర్పించుకోవాలి. వేల డాలర్లు కట్టినవాడు కాల్చుకుంటాడు, కొమ్ములు గోడకెక్కుతాయి. ధర ఉన్నంతకాలమే మేత ఉంటుందన్నది యజమాని సిద్ధాంతం. అందులో తప్పు పట్టాలని నాకు మహా కోరికగా ఉంది. ఆ పదకొండు వేలూ అడ్డంగా నిలబడి గడ్డి మేస్తున్నాయి, అదే ఇబ్బంది.

ఇక చట్టంగారి లీలలు. 2005లో అమెరికా ప్రభుత్వం ఓరిక్స్‌ను ఆపదలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అదే రోజు, అదే చేత్తో, కంచెల్లో పుట్టినవాటిని వేటాడుకోవచ్చని మినహాయింపూ ఇచ్చింది. జంతుప్రేమికులు కోర్టుకెక్కితే 2009లో ఆ మినహాయింపు చెల్లదని తీర్పొచ్చింది. 2012 నుంచి పర్మిట్ ఉంటేనే తూటా. రాంచ్‌లవాళ్లు గగ్గోలు పెట్టారు. 2014లో అమెరికన్ కాంగ్రెస్ ఖర్చుల బిల్లులో ఒక సెక్షన్ దూర్చి పాత మినహాయింపును మళ్లీ లేపింది. చచ్చిన జంతువులే కాదు, చచ్చిన నిబంధనలు కూడా లేస్తాయక్కడ. ఇంతలో జంతుప్రేమికుల్లో కొందరి మాట: గోడకు కొమ్ములయ్యే బతుకు కన్నా టెక్సాస్‌లో అవి అసలు లేకపోవడమే మేలు, వాటి చోటు ఆఫ్రికా. ఎంత నిర్మలమైన మాట! ఆఫ్రికాలో కంచె లేకుండా తిరిగే ఓరిక్స్ ఒక్కటీ లేని రోజుల్లో అన్నది కాబట్టి మరీ నిర్మలం. ఓరిక్స్ అభిప్రాయం ఇరుపక్షాల వకీళ్లలో ఎవరూ సమర్పించినట్టు లేదు.

చివరికి వాటిని ఇంటికి చేర్చింది అబుదాబి. అక్కడి పాలకుల సొంత మందలకు యూరప్, అమెరికా జూల రక్తం కలిపి, 2016 మార్చిలో మొదటి 25 జంతువుల్ని విమానంలో చాద్‌కు పంపారు. ఆగస్టులో అక్కడి కంచె తలుపులు తీశారు. తరిమి చంపిన జీపుల్లో పోసిన పెట్రోలు ఏ ఎడారి నేలల్లోంచి వచ్చిందో, విమానం టికెట్టు కొన్న డబ్బూ అలాంటి నేలల్లోంచే వచ్చింది. దీన్ని చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటారని ఎవరో ఒక సెమినార్లో చెప్పకపోరు. అదే ఏడాది స్వేచ్ఛలో తొలి దూడ పుట్టింది. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. 2023 డిసెంబరులో ఐయూసీఎన్ ఓరిక్స్‌ను ‘ప్రకృతిలో అంతరించినవి’ నుంచి ‘ఆపదలో ఉన్నవి’ పద్దుకు మార్చింది. ఆపదలో పడటం పదోన్నతి అయిన ఏకైక ఉద్యోగం ఇదేనేమో. నిజంగానే సంతోషించాల్సిన కబురు కూడా, ఆ మాట ఒప్పుకోక తప్పదు.

వాడీ రిమేలో పశువులూ ఉన్నాయి, బావులూ ఉన్నాయి. ఓరిక్స్‌ల మెడల్లో ఉపగ్రహానికి కబురు చేరవేసే పట్టీలున్నాయి. వెనకాల జీపులు వెళుతున్నాయి. వాటిలో కూర్చున్నవాళ్ల చేతుల్లో ఈసారి బైనాక్యులర్లు ఉన్నాయి. జాతి మాత్రం అదే.