రాళ్ళు నాలుగు, ఉక్కు సున్నా

మా రోజుల్లో ధర్నాకు సద్దిమూట కట్టుకొని పోతిమి. తాలూకాఫీసు ముందర చెట్టు కింద టవలు పరుచుకొని కూర్చుంటే, తాసిల్దారు బయటికొచ్చి మాట చెప్పేదాకా లేచేది లేదు. ఇప్పుడు ప్రొద్దుటూరు పుట్టపర్తి సర్కిల్లో చూస్తాండా కదా. ఒక బ్యానరు, పది మంది, నాలుగు నినాదాలు, ఫోటో. అర్ధగంటకల్లా అందరూ టీ అంగడి కాడ. ఫోన్లలో ఫోటో తిరిగితే ఉద్యమం అయిపోయినట్లే!

పోనీ రాని పిల్లోళ్ళను అడిగితే, "పది మంది కూర్చుంటే ప్రభుత్వం కదుల్తుందా తాతా? ఓటేస్తేనే కదల్లేదు" అంటారు. ఓటు సంగతి నాకు చెప్పాల్నా? 2021లో పులివెందుల మున్సిపాలిటీలో 33 వార్డులుంటే 33 ఏకగ్రీవం. పోలింగు బూత్ దాకా పోయే శ్రమే లేకపోయె. ఓటుకు పని లేని చోట గొంతుకన్నా పని ఉండొద్దా అబ్బీ?

ప్రొద్దుటూరులో డాక్టరు ఎం.వి. రమణారెడ్డి ఉండె. 1983లో ఎమ్మెల్యే అయినాయన, సీమకు నీళ్ళు కావాలని రాయలసీమ విమోచన సమితి పెట్టె. ఆ రోజుల్లో సీమ నాయకులు, శ్రీశైలం నీళ్ళను సీమకు మళ్ళించే పోతిరెడ్డిపాడు రెగ్యులేటరుకు పాదయాత్ర చేస్తే, "నడిస్తే నీళ్ళొస్తాయా" అని నవ్వినోళ్ళు శానామంది. నీళ్ళు వచ్చె, కాకుంటే ఇరవై ఏండ్లు పట్టె. ఆ ఉద్యమంలో తిరిగిన పులివెందుల రాజశేఖరరెడ్డే ముఖ్యమంత్రి అయి, 2005లో పోతిరెడ్డిపాడును 11 వేల క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచను జీవో ఇచ్చె.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళ కథ ఇంకా గట్టిది. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నోళ్ళు సారాయి అంగడి మూయించిరి. అది ఊరూరా అంటుకునె. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చె. వాళ్ళు అలసి ఇండ్లలో పడినాక, 1997లో ఆ పూర్తి నిషేధం ఎత్తేసిరి. సర్కారు తలకాయలు లెక్కబెట్టదు నాయనా, ఎన్నాళ్ళు కూర్చుంటారో చూస్తుంది.

జమ్మలమడుగు ఉక్కు చూడండి. 2007లో రాజశేఖరరెడ్డి బ్రహ్మణి ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన రాయి వేసె. 2014 విభజన చట్టంలో, కడపలో ఉక్కు ఫ్యాక్టరీ పెట్టొచ్చునా లేదా ఆరు నెలల్లో కేంద్ర ఉక్కు సంస్థ సెయిల్ పరిశీలించాలని రాసిరి. పరిశీలించమనిరి గానీ కట్టమని యాడా అనలేదు. 2018లో విద్యార్థులు, కమ్యూనిస్టులు రోడ్డెక్కిరి. ఎంపీ సి.ఎం. రమేశ్ కడపలో నిరాహార దీక్షకు కూర్చునె. ఆ డిసెంబరులోనే చంద్రబాబు మైలవరం మండలం కంబాలదిన్నెలో రాయి వేసె. మరుసటేడు డిసెంబరులో జగన్ సున్నపురాళ్ళపల్లెలో ఇంకో రాయి వేసె, 2023 ఫిబ్రవరిలో ఉక్కు కంపెనీ జిందాల్‌ను పక్కన పెట్టుకొని అక్కడే మళ్ళీ వేసె. ధర్నా పని చేయలేదంటారా? బ్రహ్మాండంగా చేసింది! మీరు అరిచినప్పుడల్లా రాయి పడె. రాయి పడగానే మీరు టెంటు పీకేస్తిరి. ముగ్గురు ముఖ్యమంత్రులు, నాలుగు రాళ్ళు, ఇంతవరకూ ఒక్క కొలిమి లేదు. మా కాలపోళ్ళయితే రాయి మీదనే కూర్చుందురు.

ఆ పట్టు ఇంకా ఉండేది పులివెందుల దగ్గరి కె.కె.కొట్టాల పల్లె రైతుల్లోనే. తుమ్మలపల్లె యురేనియం ప్లాంటు వ్యర్థాల చెరువు వల్ల బోర్లలో నీళ్ళు చెడి, అరటితోటలు పాడైనాయని అడిగిందే అడిగిరి. ప్లాంటు నడిపే కేంద్ర ప్రభుత్వ కంపెనీ కాదనె. అయినా పట్టు వదల్లేదు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి ఆ కేంద్ర సంస్థకు నోటీసు ఇయ్యక తప్పలేదు. వాళ్ళ నీళ్ళ బాధ తీరిపోయిందని నేను అనను. కానీ ఒక పల్లె ఓట్లు ఎన్నుంటాయి? ఆ లెక్కన వాళ్ళను ఎవరూ పట్టించుకోకూడదు కదా!

ఓటు ఐదేండ్లకు ఒకసారి. మిగతా రోజులు పాలించేటోళ్ళకు సెలవులా? గెలిచినోడు భయపడేది ఓడినోనికి కాదు, రోజూ వాకిట్లో కనపడేటోనికి. అందుకే చెప్తాండా: మళ్ళీ ఎవరన్నా శంకుస్థాపన రాయి పట్టుకొని జమ్మలమడుగుకు వస్తే, చప్పట్లు కొట్టి పంపొద్దండి. పాత రాళ్ళ లెక్క చెప్పి కొత్తది వేయమని అడగండి. అడిగేదానికి పది మంది చాలు. సద్దిమూటలు మాత్రం మరువొద్దండి.