నలుగురొక్కచోట: ఒక ఆటవెలదికి ఖరగ్‌పూర్ టీకా తాత్పర్యం

అవతారిక

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి కొలువు కోసం ఖరగ్‌పూర్ వచ్చి ఇక్కడే వేళ్లూనుకున్న తెలుగు కుటుంబాలలో మాదొకటి. మా మేనల్లుడు రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్. పగలంతా ఇనుప మోత వింటాడు, సాయంత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అంతకు మించిన మోత వింటాడు. మొన్న ఒక ఆటవెలది రాసి తెచ్చి, "మావా, యతులు సూడు" అన్నాడు. చూశాను. కుదిరాయి. అర్థం మాత్రం ఎంత వెదికినా చిక్కలేదు. అడిగితే, అమెరికాలో మైనర్ థ్రెట్ అనే హార్డ్‌కోర్ పంక్ జట్టు చరిత్రంతా ఇందులో ఉందని చెప్పాడు. ఆ మోత నేనూ విన్నాను, నలుగురిని విచారించాను, తరువాతనే ఈ టీకకు పూనుకున్నాను.

మూలం

నలుగు రొక్క చోట నాల్గు గోడల మధ్య
గొంతు చించి పాడి రంతలోనె
పాట ముగిసె, జట్టు భగ్నమై పోయెను
చేతి మీద గుర్తు చెరగకుండె

ప్రతిపదార్థం

నలుగురు = ఇయన్ మెకాయ్ అను గాయకుడును, జెఫ్ నెల్సన్ అను డ్రమ్ముల వాడును, లైల్ ప్రెస్లర్ అను గిటారు వాడును, బ్రయన్ బేకర్ అను బేస్ గిటారు వాడును; ఒక్క చోట = వాషింగ్టన్ నగరమందు; నాల్గు గోడల మధ్య = నేలమాళిగలో; గొంతు చించి = గొంతు చించుకొని (ఇందులో అతిశయోక్తి లేదు); పాడిరి = పాడినారు; అంతలోనె = ఆ క్షణములోనే; పాట ముగిసె = పాట అయిపోయెను; జట్టు భగ్నమై పోయెను = బ్యాండు విడిపోయెను; చేతి మీద గుర్తు = ఇంటూ ఆకారపు నల్ల గీతలు; చెరగకుండె = నేటికిని నిలిచియున్నది.

ఇక్కడ "నలుగురు" అనుచోట పాఠాంతర వివాదం ఉంది. 1982లో స్టీవ్ హాన్స్‌జెన్ అనే కుర్రవాడు బేస్ గిటారు పట్టాడు, బేకర్ రెండో గిటారుకు మారాడు. కాబట్టి "ఐదుగు రొక్క చోట" అని చదవాలని కొందరు అంటారు. ఆ పాఠం అంగీకరించరాదు. మొదటి గణం సూర్యగణం కావాలి, "ఐదుగు" భగణం, కనుక గణభంగం. పోనీ చరిత్ర ఒప్పుతుందా అంటే అదీ ఒప్పదు. 1983లో హాన్స్‌జెన్ వెళ్లిపోయాడు, చివరికి మిగిలింది మళ్లీ నలుగురే. ఛందస్సూ చరిత్రా ఇలా ఒకే మాట మీద నిలబడడం నా వ్యాఖ్యాన జీవితంలో అరుదు.

"నాల్గు గోడల మధ్య" అనగానే జైలు అని భ్రమపడరాదు. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా అనే ఆయన తన ఇంటి నేలమాళిగలో ఇన్నర్ ఇయర్ అనే స్టూడియో నడిపేవాడు. 1981లో మొదటి రికార్డు అక్కడే తయారైంది. ఇంటిపైన కుటుంబం కాపురం, కింద ఈ ఘోష.

పాడిరి: ఇచట పూర్వపక్షి లేచి, "అరుపు పాట ఎట్లగును? శ్రుతి ఏది, రాగమేది?" అని అడుగుతాడు. ఈ పూర్వపక్షి మరెవరో కాదు, మా ఆవిడ. సమాధానం గురుపరంపరలో ఉంది. అదే వాషింగ్టన్‌లో బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి యువకుల జట్టు ఒకటి ఉండేది. వాళ్లు జాజ్ కలగలిపిన సంగీతంతో మొదలుపెట్టి, వాయించడం క్షుణ్ణంగా వచ్చాకే పంక్‌లోకి దిగి దాని వేగం పెంచారు. ఈ కుర్రాళ్లు చూసి నేర్చుకున్నది వాళ్ల దగ్గర. కనుక ఇది రాగం తెలియనివాళ్లు మొదలుపెట్టిన విద్య కాదు. మా ఆవిడ ఈ సమాధానం ఒప్పుకోలేదు, అయినా సిద్ధాంతం నిలుస్తుంది.

అంతలోనె: పద్యానికి ఇదే ఆయువుపట్టు. మా స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మనల్ని దాటాయి. ఆ దుఃఖం వేరే గ్రంథానికి విషయం. ఈ కొస నుంచి ఆ కొసకు మామూలు నడకన పన్నెండు, పదమూడు నిమిషాలు. మైనర్ థ్రెట్ మొదటి రికార్డులో ఎనిమిది పాటలున్నాయి. ఎనిమిదీ కలిపి పది నిమిషాల లోపే. అంటే ఈ చివర మొదలుపెట్టి నడిచినవాడు ఆ చివరకు చేరకముందే రికార్డు అయిపోతుంది. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైన "స్ట్రెయిట్ ఎడ్జ్" పాట 46 సెకన్లు. మూడు రైలు పెట్టెలు దాటేసరికి సరి. జట్టు బతికినంత కాలంలో చేసిన పాటలన్నీ 1989లో ఒకే డిస్కులో పెడితే 26 అయ్యాయి, గంట నిండలేదు. మన వైయాకరణులు అర్ధమాత్ర తగ్గినా పుత్రోత్సవంలా సంతోషిస్తారంటారు. ఈ లెక్కన మెకాయ్ ఇంట పుత్రులకు కొదవ లేదు.

ఇక "ముగిసె", "భగ్నమై పోయెను" అనే క్రియల గురించి. 1980 చివర టీన్ ఐడిల్స్ అనే జట్టు విడిపోగా, అందులోని మెకాయ్, నెల్సన్ కలిసి మైనర్ థ్రెట్‌ను కట్టారు. మధ్యలో ప్రెస్లర్ కాలేజీకి వెళ్లడంతో ఒకసారి ఆగి, 1982లో మళ్లీ మొదలైంది. 1983 సెప్టెంబరు 23న చివరి ప్రదర్శన. మూడేళ్లలో రెండుసార్లు భగ్నం. సంగీతం ఎటు పోవాలన్న దానిమీద మాట కలవక విడిపోయారు. డబ్బు తగాదా కాదు, ఎందుకంటే తగాదాపడేటంత డబ్బు ఆ వ్యవహారంలో లేదు. టీన్ ఐడిల్స్ వాళ్లు కచేరీల మీద వచ్చిన దాన్ని పంచుకోకుండా దాచి, విడిపోయేటప్పుడు ఆ సొమ్ముతో తమ పాటలను రికార్డుగా వేశారు. అదే డిస్కార్డ్ రికార్డ్స్ సంస్థకు పునాది. తొలినాళ్లలో అట్ట కవర్లను కుర్రాళ్లే ఇంట్లో కూర్చుని కత్తిరించి, మడిచి, జిగురు రాసి అంటించేవారు. ముద్రాపకుడి చుట్టూ తిరిగి చెప్పులరిగిన తెలుగు కవులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు.

చేతి మీద గుర్తు: 1980లో టీన్ ఐడిల్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మబుహే గార్డెన్స్ అనే చోటికి పాడటానికి వెళ్లారు. మందు అమ్మే చోటు, వీళ్లకు వయసు చాలదు. వీళ్లకు పోయకండని తెలిసేలా చేతులమీద నల్లగా ఇంటూ గుర్తు వేశారు. తిరిగొచ్చి తమ ఊరి క్లబ్బులలో, "మమ్మల్ని లోపలికి రానివ్వండి, చేతిమీద గుర్తు వేయండి, తాగం" అని బేరం పెట్టారు. నీకు పోయం అన్న గుర్తు కాస్తా నాకు అక్కర్లేదు అన్న గుర్తైంది. ఆ గుర్తున్నవాడు తాగడు, పొగ పీల్చడు, మత్తు పుచ్చుకోడు. 46 సెకన్ల పాటలో చెప్పింది మత్తు అక్కర్లేదన్న మాటే. రసవిచారం చేస్తే శాంతరసాన్ని రౌద్రంలో చెప్పిన పాట అది. ఆలంకారికులు ఇలాంటిది ఊహించి ఉండరు.

అయితే సూత్రం చిన్నదైతే మతం పెద్దదవుతుంది. వినినవారు దాన్ని నియమావళి చేసుకుని, ఎవరు తాగారు, ఎవరు తప్పారు అని పరీక్షలు మొదలుపెట్టారు. దానితో 1983లో, ఇదే వైరాగ్యం చెప్పే "అవుట్ ఆఫ్ స్టెప్" పాటను మళ్లీ రికార్డు చేసినప్పుడు మెకాయ్ వాయిద్యాల మధ్య మామూలు గొంతుతో, ఇవి నియమాలు కావు, ఎవరికీ ఏదీ విధించడం లేదు అని వివరణ చెప్పాడు. నెల్సన్ పట్టుబట్టడం వల్లే అది చేరిందంటారు. మూలకారుడే తన మూలంలో టీక కలిపిన సందర్భం ఇది. ఫలితం? ప్రపంచమంతటా స్ట్రెయిట్ ఎడ్జ్ శాఖలు, ఉపశాఖలు, వాటిలో వాటికి తగవులు. స్వవ్యాఖ్యను ఎవరూ చదవరన్నది మనకు కొత్త కాదు.

కావ్యచౌర్యం కూడా నమోదు చేయాలి. మొదటి రికార్డు అట్టమీద మెకాయ్ తమ్ముడు అలెక్ గుండు తలను మోకాళ్లమీద వాల్చి మెట్లమీద కూర్చుని ఉంటాడు. 2005లో నైకీ కంపెనీ ఆ బొమ్మను అనుకరించి, "మేజర్ థ్రెట్" అని పేరు మార్చి స్కేట్‌బోర్డు ప్రచారానికి పోస్టరు వేసింది. గొడవ కాగానే క్షమాపణ చెప్పుకుంది.

తాత్పర్యం

నలుగురు కుర్రాళ్లు అరిచారు, ఆగిపోయారు, గుర్తు మిగిలింది.

అలంకారం

విభావన. కారణం లేకుండానే కార్యం కనబడటం దాని లక్షణం. ఇక్కడ జట్టు పోయింది, గుర్తు ఉంది. మేనల్లుడు ఇది విన్నాక, "మావా, జట్టు లేకపోయినా రికార్డు ఉంది గదా, మరి కారణం లేదని ఎలాగంతావు?" అన్నాడు. ప్రశ్నలో పస ఉంది. అయినా వాడికి అలంకారశాస్త్రంలో ప్రవేశం లేదు కనుక విభావనే ఖాయం చేశాను.