మాది గుంటూరు, తెలుసా?

జూబ్లీహిల్స్‌లో థాయ్ రెస్టారెంటుకు బయల్దేరిన తెలుగువాడు పర్సు మర్చిపోతాడేమోగానీ ఊరి పేరు మాత్రం మర్చిపోడు. మొన్న మా బావగారి పుట్టినరోజుకి వెళ్లాం. మెనూలో వంటకాల పక్కన ఒకటి, రెండు, మూడు మిరపకాయల బొమ్మలున్నాయి. బావగారు మూడేసి బొమ్మలున్నవే ఏరి ఏరి చెప్పారు. బొమ్మ లేనివాటిని పథ్యం కూడు చూసినట్టు చూశారు.

"మైల్డా, మీడియమా, థాయ్ స్పైసీనా సార్?" అన్నాడు వెయిటరు.

"బాబూ, మాది గుంటూరు."

"మాది సత్తెనపల్లి సార్. అందుకే అడుగుతున్నా."

గుంటూరు మిర్చియార్డు చాలా పెద్దదే, కాదనను. అయితే ఊళ్లో యార్డు ఉన్నంతమాత్రాన నాలుకకి బీమా చేసినట్టా? శివకాశిలో పుట్టినవాడైనా టపాకాయ ముట్టించి దూరంగా పరిగెత్తాల్సిందే కదా!

కారానికి కొలత ఉంది. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు కనిపెట్టాడు. ఆ లెక్కన మన గుంటూరు సన్నాలు సుమారు 35,000 నుంచి 40,000 దాకా తూగుతాయి. వేలిగోరు దాటని థాయ్ మిరపకాయ 50,000 దగ్గర మొదలుపెట్టి లక్షదాకా పోతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ఫ్రిక్ ఖీ నూ', అంటే ఎలుక పెంటిక మిరపకాయ. అంత ఘాటు సరుకుకి అంత అణకువైన పేరు! మనమో, 2024లో 'గుంటూరు కారం' అని ఏకంగా సినిమాయే తీసుకున్నాం.

పోనీ ఇది తాతముత్తాతల ఆస్తా అంటే, అదీ కాదు. మిరపకాయ అమెరికా ఖండాల సరుకు. పోర్చుగీసు ఓడలెక్కి వచ్చింది. పల్నాటి జొన్నకూడు మీద విసుక్కున్న శ్రీనాథుడు మిరపకాయ మొహం చూసి ఎరుగడు. పేరు కూడా మిరియం దగ్గర అరువు తెచ్చుకున్నదే. థాయ్‌లాండ్‌లోనూ ఇదే కథ. అక్కడ మిరియం పేరు 'ఫ్రిక్'. కొత్తగా వచ్చిన మిరపకాయ ఆ పేరు లాగేసుకునేసరికి, పాత మిరియాన్ని 'ఫ్రిక్ థాయ్' అని పిలుచుకోవాల్సి వచ్చింది. వరసకి మనమూ వాళ్లూ ఒకే అద్దెకొంపలో రెండు వాటాల వాళ్లం. ఇంటి ఓనరు హోదా ఎవరికీ లేదు.

అసలు గుట్టు వేరే ఉంది. మనింట్లో కారం ఎన్నడైనా ఒంటరిగా వచ్చిందా? ఆవకాయ వెంట ముద్దపప్పు, దానిమీద గరిటెడు నెయ్యి, చివర్న గడ్డపెరుగు. ముందు నెయ్యి, వెనక పెరుగు, మధ్యన పల్లకీలో కారం. మిరపలో మంటపుట్టించే క్యాప్సేసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఆ సంగతి మన నాయనమ్మలకి కెమిస్ట్రీ చదవకుండానే తెలుసు. ఇన్నేళ్లూ మంటని మోసింది గేదె, మీసం మెలేసింది మనం.

ఇప్పుడు బావగారు తెప్పించిన 'సోమ్ తమ్' సంగతి చూడండి. పచ్చి బొప్పాయి కోరు, వెల్లుల్లి, ఎలుక పెంటికలు, నిమ్మరసం, చేపల సాసు, తాటిబెల్లం. అన్నీ రోట్లో వేసి దంచుతారు. నూనె చుక్క లేదు, పెరుగు ఊసు లేదు. మన కారానికి పల్లకీ, వాళ్ల కారానికి కాలినడక.

బావగారు రెండో ముద్ద మింగారు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇక్కడ ఏసీ పనిచేస్తున్నట్టు లేదే" అన్నారు. ఐసునీళ్లు తాగారు, మంట నోరంతా పాకింది. మరో గ్లాసు తాగారు. నుదుటి మీద చెమట బొట్లుబొట్లుగా జారి సరాసరి ప్లేట్లో పడుతోంది. అక్క "ఏమైందండీ?" అంటే, "ఏం లేదు, జలుబు" అన్నారు. చివరికి వెయిటర్ని దగ్గరికి పిలిచి, చెవిలో రహస్యం చెప్పినట్టు అడిగారు: "పెరుగుందా నాయనా?"

మెనూలో పెరుగు లేదు. సత్తెనపల్లి అబ్బాయి లోపలికెళ్లి, స్టాఫ్ భోజనాల్లోంచి ఓ స్టీలు గిన్నెడు పెరుగు తెచ్చి, పక్క టేబులుకి కనబడకుండా న్యాప్‌కిన్ అడ్డంపెట్టి బావగారి ముందు ఉంచాడు. పరువు కాపాడటం అంటే అదీ!

బిల్లుతోపాటు అభిప్రాయం రాయమని ఓ కార్డు ఇచ్చారు. కారం ఎలా ఉందని ప్రశ్న. బావగారు ఓ చేత్తో ముక్కు తుడుచుకుంటూ, రెండో చేత్తో గుండ్రంగా రాశారు: "ఇంకాస్త పడాలి."

కింద సంతకం, దాని పక్కనే ఊరి పేరు.