పదేళ్లు కూడా నిలవని స్క్రాప్‌బుక్: సామాను కొనేవాళ్లకు ఏడు సలహాలు

పాత ఫొటోలను పాడుచేయడానికి వరంగల్ ఇళ్లలో ఇప్పటికే చాలా ఏర్పాట్లున్నాయి. వానకాలం గోడ చెమ్మ ఉంది, అటక మీద చెదలున్నాయి, ఇల్లు మారేటప్పుడు పోయే ట్రంకుపెట్టెలున్నాయి. అయినా కొన్ని మొండి ఫొటోలు బతికి బట్టకడుతూనే ఉన్నాయి. స్క్రాప్‌బుక్ చేద్దామని కూర్చుంటే వాటి పని కూడా పట్టొచ్చు. సామాను ఎంచుకోవడంలోనే ఉంది కిటుకంతా.

1. ముందు స్టిక్కర్లు కొనండి

హన్మకొండ చౌరస్తాకు బయలుదేరే ముందు ఇంట్లో ఎన్ని ఫొటోలున్నాయో చూసుకోవద్దు. చూసుకుంటే ఎన్ని పేజీలు కావాలో తెలిసిపోతుంది, అక్కరకొచ్చేవే కొంటారు. నేరుగా ఫ్యాన్సీ షాపులో దూరి మెరుపు స్టిక్కర్లు, లేసులు, ముత్యాల వరసలు సంచి నిండా వేసుకోండి. ఉబ్బెత్తు పూసలైతే మరీ మేలు. పుస్తకం మూసినప్పుడల్లా ఎదురు పేజీలో మేనత్త చెంప మీద ఓ గుంట పడుతుంది.

2. కాగితం దగ్గర పొదుపు చేయండి

‘యాసిడ్ ఫ్రీ’ అని అట్ట మీద కనబడితే, ధర పెంచడానికి రాసుకున్నారని కొట్టిపారేయండి. నాసిరకం కాగితంలో లిగ్నిన్ ఉంటుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది కాగితాన్ని పచ్చబరుస్తుంది, ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఆనుకుని ఉన్న ఫొటోకూ పాకుతుంది. న్యూస్‌పేపర్లో ఈ గుణం దండిగా ఉంటుంది కాబట్టి, ర్యాంకు వచ్చినప్పుడు పేపర్లో పడ్డ మీ అమ్మాయి ఫొటో కటింగును అసలు ఫొటోకు ఎదురుగా అంటించండి. మంచి కాగితం మీద జిరాక్స్ తీయించి పెట్టేవాళ్లు ఉత్త భయస్తులు.

చేర్యాల నకాషీ చిత్రకారులదీ ఇదే బాపతు. ఒక్క గీత గీయకముందే ఖాదీ బట్టకు గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. బొమ్మకన్నా ముందు బొమ్మ కింది పొరను చూసుకునేంత తీరిక మనకెక్కడిది?

3. ఊడిరాని జిగురే జిగురు

సెలోటేపుతో మొదలుపెట్టండి. కొన్నేళ్లకు టేపు ఎండి రాలిపోతుంది, దాని జిగురు మాత్రం గోధుమరంగు పట్టీలా ఫొటో మీద ఉండిపోతుంది. తెల్ల జిగురు వాడితే ధారాళంగా వాడండి. ఫొటో తడిసి, వంకర తిరిగి, అలాగే బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ పొర లేపి ఫొటో అతికించే పాతకాలపు జిగురు పేజీల ఆల్బమ్ దొరికితే వదలొద్దు.

ఫొటో కార్నర్లని చిన్న కాగితపు మూలలు కొన్ని షాపుల్లో ఉంటాయి. వాటిలో ఫొటో నాలుగు కొసలు దూర్చితే చాలు, ఫొటోకు జిగురు తగలదు, కావాలన్నప్పుడు తీసుకోవచ్చు. అటువైపు చూడకండి.

4. కత్తెర ధారాళంగా ఆడించండి

జిగ్‌జాగ్ కత్తెర కొని, మనుషుల మొహాలను గుండె ఆకారంలో కత్తిరించి, మిగతాది చెత్తబుట్టలో వేయండి. తాత సైకిల్ పట్టుకుని నిలబడ్డ ఫొటో ఉందనుకోండి. వెనకాల ఆజంజాహి మిల్లులో షిఫ్టు దిగిన కార్మికుల గుంపు. 1934లో పెట్టిన మిల్లు ఎప్పుడో మూతపడింది, ఆ గుంపు మళ్లీ కనబడేది లేదు. అలాంటిదాన్ని దాచుకుని ఏం చేస్తారు? మొహం ఉంచి, మిల్లుతో పాటు సైకిల్‌నూ తీసేయండి. స్కాన్ చేసి ఆ కాపీని కత్తిరించుకోవచ్చుగా అని పిల్లలు అడ్డొస్తే, పెద్దల పనిలో తలదూర్చొద్దని చెప్పండి.

5. గుర్తులన్నీ పచ్చిగానే అంటించండి

మేడారం జాతర నుంచి తెచ్చిన ‘బంగారం’, అదే బెల్లం, చిన్న పలుకు పేజీలో పెట్టండి. అమ్మవార్ల ప్రసాదం గనక చీమలు కూడా భక్తితోనే వస్తాయి. బతుకమ్మలోంచి తీసిన తంగేడు పువ్వును ఆరబెట్టకుండా అంటిస్తే పక్క పేజీలకు కూడా బూజు పడుతుంది.

బస్సు టికెట్‌ను లామినేషన్ చేయించండి. మిషన్ టికెట్ థర్మల్ కాగితం మీద వస్తుంది. వేడికి నల్లబడటమే దాని పని, అక్షరాలు పడేదీ అలాగే. దాన్ని వేడి రోలర్ల మధ్యకు పంపితే ఇటునుంచి టికెట్ పోతుంది, అటునుంచి నల్ల రేకు వస్తుంది. హన్మకొండ నుంచి మేడారానికి ఆ ఏడు చార్జీ ఎంతో ఇక బ్రహ్మకు కూడా తెలియదు.

6. వాసన చూసి కవరు ఎంచుకోండి

కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పున కొట్టే పీవీసీ కవర్లు తీసుకోండి. పాతబడేకొద్దీ అవి ఆమ్లం వదులుతాయి, ఫొటోకు కరుచుకుంటాయి. పాలీప్రొపైలిన్ కవర్లకు ఈ సుగుణం లేదు. పుస్తకం పూర్తయ్యాక పడమటి కిటికీ పక్కన పెట్టండి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఊరి ఎండ మిగిలింది చూసుకుంటుంది.

7. పేర్లు రాయకండి

మరీ మనసు ఊరుకోకపోతే బాల్‌పెన్నుతో ఫొటో వెనక గట్టిగా ఒత్తి రాయండి, అక్షరాలు ముందువైపు తేలతాయి. అన్నిటికన్నా మంచిది అసలు రాయకపోవడం. కాకతీయ రుద్రదేవుడు 1163లో వేయిస్తంభాల గుడి కట్టించి, ఊరుకోక తానెవరో, తండ్రి ప్రోలరాజు ఎవరో, ఏ సంవత్సరమో శాసనం వేయించాడు. ఇంత పెద్ద గుడి ఎవరు కట్టించారో జనానికి గుర్తుండదా అని ఆయనకు తోచలేదు. మనకు తోచింది. మన ఇంటి పెళ్లి ఫొటో మనవాళ్లు గుర్తుపట్టరా?

ఆ ఫొటోలో రెండో వరసలో, చంకలో పిల్లతో నిలబడ్డ ఆవిడ ఎవరో మీ నాయనమ్మకు తెలుసు. అడగొద్దు. అడిగితే ఆవిడ పేరు చెబుతుంది, ఏ ఊరికి ఇచ్చారో చెబుతుంది, ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో కూడా చెబుతుంది. అదంతా మెత్తటి పెన్సిల్‌తో ఫొటో వెనక అంచున రాయాల్సి వస్తుంది. పెన్సిల్ ఐదారు రూపాయలు, నాయనమ్మ ఉచితం. ఇంత చవకలో తేలిపోయేదాన్ని ఎవరైనా హాబీ అంటారా?