తలుపు లేని ఇంటి మీద పెత్తనం

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో ఆదివాసుల ఇళ్ళ నిర్వహణ తిరిగి వాళ్ళ సంఘాలకే అప్పగించాలన్న మాట వినబడితే చాలు, దొరతనానికి ఎక్కడలేని జాగ్రత్త పుట్టుకొస్తుంది. వాళ్ళకు లెక్కలు రావట, ఇల్లు చేతికిస్తే గుల్ల చేస్తారట! యాభై వేల ఏళ్ళకు పైగా ఆ ఖండంలో బతుకు నెగ్గుకొచ్చినవాళ్ళకు అద్దె రసీదు రాయడం చేతకాదని తేల్చిన మేధావులే, 2007లో సైన్యాన్ని వెంటేసుకెళ్ళి, చట్టం చేసి మరీ ఊళ్ళకు ఊళ్ళను ఐదేళ్ళ నిర్బంధ లీజు కింద పట్టుకున్నారు. సంఘాల చేతిలో ఉన్న ఇళ్ళు సర్కారు గృహశాఖ పద్దులోకి పోయాయి. 2008లో 67.2 కోట్ల డాలర్ల పథకంలో 750 కొత్త ఇళ్ళు కడతామన్నారు. ఏడాది గడిచేసరికి లేచిన ఇళ్ళు సున్నా. పాలనా ఖర్చులు మాత్రం అప్పటికే గృహప్రవేశం చేసేశాయి.

ఇక సర్కారువారి సామర్థ్యం ఎంతటిదో ఆలిస్ స్ప్రింగ్స్‌కు 80 కిలోమీటర్ల దూరంలోని సాంటా తెరీసాలో చూడాలి. అక్కడ ఒకావిడ ఇంటికి 68 నెలల పాటు వెనక తలుపు లేదు. ఆ లెక్క మొదలైననాడు పుట్టిన బిడ్డ అదే ఖాళీ గుమ్మంలోంచి బడికి పోయేటంత కాలం! 2016లో ఆ ఊరి 70 కుటుంబాలు మరమ్మతుల కోసం దావా వేస్తే, యజమాని అయిన సర్కారు అద్దె బకాయిలున్నాయంటూ ఎదురు దావా వేసింది. తలుపు బిగించడానికి దొరకని మనిషి బకాయిలు కూడటానికి దొరికాడు. 2023 నవంబరులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ లేని తలుపుకు 10,200 డాలర్ల పరిహారం ఖాయం చేసింది.

‘సంఘాల ఏలుబడిలో మాత్రం ఏం వెలిగింది?’ అనొచ్చు. నిజమే, కొన్ని చేతులెత్తేశాయి, కొన్నిచోట్ల లెక్కలు తేలలేదు. కానీ పేదలు కట్టే అద్దెతో ఎడారిలోకి ప్లంబర్ని రప్పించడం ఏ ఆడిటరు వల్లా కాదు. ఇళ్ళు వాళ్ళే విరగ్గొడతారన్న అభియోగానికి హెల్త్‌హాబిటాట్ సంస్థ ఎప్పుడో జవాబిచ్చింది. వేల ఇళ్ళలో కొళాయిలు తిప్పి, స్విచ్చులు నొక్కి చూస్తే, పాడైనవాటిలో అద్దెదారులు చెడగొట్టినవి నూటికి పది కూడా లేవు. చాలావరకు మరమ్మతు చేసే దిక్కులేక పోయినవి, మిగతావి కాంట్రాక్టరు పనితనం (దాని గురించి మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు). కనుక అయ్యా, ఇప్పుడు తాళంచెవి ఒక్కటే చేతిలో పెట్టి, డబ్బుసంచి మీ దగ్గరే అట్టిపెట్టుకుని, రేపు కొళాయి కారగానే ‘మేం అప్పుడే చెప్పలేదూ’ అనే ఎత్తు వేయకండి. అప్పగింత కాగితంలో మొదటి పద్దుగా ఏటేటా ఇచ్చే మరమ్మతు డబ్బు రాయండి. తలుపులు వాళ్ళు పెట్టుకుంటారు.